పిచ్చాపాటీ: ఎదురుగాలి లెక్క

క్రిందటి సంచికలో నేను రాసిన ఆవకాయ జాడీల పురాణం మీద ఏడు ఉత్తరాలు వచ్చాయని సంపాదకులు కబురు చేశారు. అందులో ఆరు, నేను చెప్పిన ఆవపిండి పాళ్ళు తప్పని మందలిస్తూ గృహిణులు రాసినవి. (వారిదే రైటు. మా ఆవిడ కూడా అదే అన్నది.) ఏడోది మా మనవడు రాసింది. "తాతయ్య ఎప్పుడూ ఊరగాయలూ, పాత సినిమాలూ తప్ప రాయరు. మా వయసువాళ్ళు చదివేది కూడా ఒక్కటి రాయమనండి" అని. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, సంపాదకులకు ఉత్తరం రాసి నన్ను నిలదీసిన ఘనుడు వాడు.

అందుకని ఈసారి కార్ల సంగతి. కంగారుపడకండి, కారు కొనమని చెప్పబోవడం లేదు. మీరూ నేనూ ఏ జన్మకూ కొనలేని, కొన్నా మన బెంగళూరు రోడ్ల మీద రెండో గేరు దాటించలేని కార్ల గురించి. వాటిని హైపర్‌కార్లు అంటారట. నా చిన్నప్పుడు కారు అంటేనే గొప్ప. తరువాత స్పోర్ట్స్ కారు అన్నారు, ఆ పైన సూపర్ కారు అన్నారు, ఇప్పుడిది.

మావాడికి ఈ పిచ్చి హైదరాబాదులో అంటుకుంది. 2023 ఫిబ్రవరి 11 న హుస్సేన్ సాగర్ ఒడ్డున బ్యాటరీ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది, గుర్తుందా? మా తమ్ముడు అక్కడే ఉంటాడు కనుక, "పెదనాన్న గారి మనవడిని పంపండి, నేను చూపిస్తాను" అని వాళ్ళ అబ్బాయి టిక్కెట్టు కొన్నాడు. పందెం సంగతి ఏమో గాని, ఆ రోజుల్లోనే అక్కడ ప్రదర్శనకు పెట్టిన బత్తిస్తా అనే ఇటలీ కారును చూసి వీడు మతి పోగొట్టుకుని వచ్చాడు. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు, కలిపి 1900 హార్స్‌పవర్లు. తయారుచేసిన పినిన్‌ఫరీనా సంస్థ మన మహీంద్రా వారిది. అదే మహీంద్రా వారు 2010 లో మన ఊరి రేవా కంపెనీని కూడా తీసుకున్నారు. రేవా జ్ఞాపకముందా? 2001 లో బెంగళూరులో అమ్మకానికి వచ్చిన బుల్లి బ్యాటరీ కారు. మా వీధిలో ఒకాయన మేడమీది నించి వైరు వేలాడదీసి ఛార్జి చేసుకునేవాడు. ఎంత తొక్కినా అరవై, అరవై అయిదు. దాని కుటుంబంలోనే ఈ బత్తిస్తా పుట్టిందంటే, మా ఆవిడ అన్నట్టు, పిల్లికి పులి మేనల్లుడు అన్న మాట. మధ్యప్రదేశ్‌లో పీతంపుర్ దగ్గర 11.3 కిలోమీటర్ల పరీక్షా ట్రాకు ఒకటి ఉంది, నాట్రాక్స్ అని. దాని మీద 2023 లో ఈ కారు గంటకి 350 కిలోమీటర్లు దాటించింది.

ఇక అసలు సంగతి. మావాడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. తోటి పిల్లలు పదిమందితో కలిసి ఒక చిన్న రేసుకారు చేశారు. పైపులు అతికించి, మోటారు సైకిలు ఇంజను బిగించి, నిజంగా ముచ్చటగా ఉంది. దానికి డబ్బు సాయం చేస్తామని ఒక వ్యాపారస్థుడు మాట ఇచ్చాడట. ఆయనకు చూపించడానికి రంగుల పోస్టరు వేసుకొచ్చి నా ముందు పరిచాడు. మధ్యలో ఎర్ర అక్షరాలతో "గరిష్ఠ వేగం గంటకి 112 కిలోమీటర్లు" అని ఉంది.

"ఒరే, ఇది వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?" అన్నాను.

"అంటే?"

"ఆ రోడ్డు మీద ఇటునించి అటు పోయినప్పుడు 112 వచ్చింది, సరే. అటునించి ఇటు వచ్చినప్పుడు ఎంత?"

వాడు కొంచెంసేపు పోస్టరు కేసి చూసి, "దేవనహళ్ళి పక్క ఆ సాయంత్రం గాలి బాగా వీస్తోంది తాతయ్యా. వచ్చేటప్పుడు సరిగా రాలేదు. అందుకని అది లెక్కలోకి తీసుకోలేదు" అన్నాడు. అబద్ధం చెప్పే రకం కాదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పనవసరం లేదనుకున్నాడు, అంతే.

ఆ రాత్రి భోజనాలయ్యాక వాడి గోడ మీది బొమ్మల కార్లే సాక్షులుగా పెట్టుకుని కూర్చున్నాం. వాడికి అంకెలు కంఠతా వచ్చు. నాకు గాలి సంగతి కాస్త వచ్చు. ఉద్యోగమంతా గాలితోనే గడిచింది.

కోలారు రోడ్డు మీద కారులో పోతూ చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి చూడండి. నలభైలో హాయిగా ఉంటుంది. ఎనభైలో చెయ్యి వెనక్కి విరుస్తుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలు. అంతటితో అయిపోలేదు. ఆ నాలుగింతల అడ్డును రెండింతల వేగంతో తోసుకుపోవాలి కనుక, ఇంజను ఇవ్వవలసిన శక్తి ఎనిమిదింతలు. చదరంగం గళ్ళలో వడ్లగింజల కథ ఉంది చూడండి, అలాంటిదే. మామూలు కారు అరవైలో పోతున్నప్పుడు గాలిని తోయడానికి సుమారు రెండున్నర హార్స్‌పవర్ చాలు. 120 కి ఇరవై కావాలి. 240 కి నూట అరవై. 480 కి 1280! టైర్ల రాపిడీ, గేర్ల నష్టమూ వేరే. మనం ఇంట్లో వేసుకున్న ఈ కాకిలెక్కకూ, 490 దాటిన బుగాట్టి కారులో ఉన్న 1600 హార్స్‌పవర్ల ఇంజనుకూ ఎంత దగ్గరగా కుదిరిందో చూసి మావాడు ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యమేముంది, గాలి అందరికీ ఒకటే.

ఈ పోటీ కథ ఎక్కడినించైనా మొదలుపెట్టవచ్చు గాని, నేను 1998 మార్చి 31 నించి చెబుతాను. జర్మనీలో ఏరా-లెస్సీన్ అనే చోట వోక్స్‌వాగన్ వారి పరీక్షా ట్రాకు ఉంది. అందులో ఎనిమిదిన్నర కిలోమీటర్లకు పైగా గీత గీసినట్టు తిన్నని రోడ్డు. అక్కడ ఆండీ వాలెస్ అనే ఇంగ్లీషు డ్రైవరు మెక్‌లారెన్ ఎఫ్-1 కారును నడిపి, రెండు దిక్కుల సగటున 386 కిలోమీటర్లు సాధించాడు. ఆ కారు రూపశిల్పి గోర్డన్ మర్రే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి పెరిగినవాడు. మన తెలుగువాళ్ళు చెరుకు తోటల పనికి ఓడలెక్కి పోయి స్థిరపడ్డ ప్రాంతమే అది. ఇంజను వేడి కారు ఒంటికి తగలకుండా ఇంజను గదికి లోపలివైపు బంగారు రేకు తాపడం చేశారు. ఇది వినగానే అంతదాకా జపమాల తిప్పుకుంటున్న మా ఆవిడ, "ఎన్ని కాసులు పట్టిందో?" అంది. ఆడవాళ్ళకు ఇంజనీరింగు మీద ఆసక్తి లేదనేవాళ్ళ మాట నమ్మకండి.

ఏడేళ్ళపాటు ఆ రికార్డు కదల్లేదు. 2005 లో బుగాట్టి వేరాన్ వచ్చి 408 దాటింది. పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, పది రేడియేటర్లు. పది ఎందుకంటే, ఇంత పెద్ద ఇంజను చక్రాలకిచ్చే శక్తికన్నా వేడిగా పారబోసే శక్తే ఎక్కువ. ఆ కారును పూర్తి వేగంతో నడపాలంటే రెండో తాళంచెవి ఒకటి పెట్టి తిప్పాలి, మన బీరువాలో లోపలి అరకు వేరే తాళం ఉన్నట్టు. అప్పుడు కారు నేలకు ఒదిగి, వెనకాల రెక్క ముడుచుకుంటుంది. నూరు లీటర్ల పెట్రోలు ఆ జోరులో పన్నెండు నిమిషాల్లో ఖాళీ అవుతుందనీ, టైర్లు పదిహేను నిమిషాలే ఆగుతాయి కనుక పెట్రోలు ముందు అయిపోవడమే మేలనీ ఆ రోజుల్లో చమత్కారంగా చెప్పుకునేవారు.

2007 లో అమెరికాలో షెల్బీ సూపర్‌కార్స్ అనే చిన్న సంస్థ, వాషింగ్టన్ రాష్ట్రంలో మామూలు హైవే ఒకటి మూయించి, 412 తో బుగాట్టిని మించింది. నడిపిన చక్ బిగెలోకి అప్పుడు 71 ఏళ్ళు. ఈ వాక్యం నేను మావాడి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇంట్లో నా డ్రైవింగ్ లైసెన్సు దాచేసినవాళ్ళు కూడా దయచేసి చదవాలి.

2010 లో బుగాట్టి వారు 431 తో మళ్ళీ పైకి వచ్చారు. కాని కొన్నవాళ్ళకిచ్చే కారు టైర్ల భద్రత కోసం 415 దగ్గరే ఆగిపోయేలా కట్టడి చేశారు. కట్టడి తీసేసిన కారుతో తెచ్చిన రికార్డు చెల్లుతుందా అని తగవు లేచి, 2013 లో గిన్నిస్ వారు దాన్ని రద్దు చేశారు, కొద్దిరోజులకే తిరిగి ఇచ్చేశారు. 2014 లో టెక్సాస్‌కు చెందిన హెన్నెసీ వారి కారు, ఒకప్పుడు అంతరిక్ష నౌకలు దిగిన కెన్నెడీ సెంటర్ రన్‌వే మీద 435 చేసింది. బుగాట్టి రెండు పరుగుల్లో మెరుగైనదానికన్నా ఇది ఒక కిలోమీటరు మాత్రమే ఎక్కువ. పైగా ఒక్క దిక్కునే పరుగెత్తింది. రికార్డుగా ఒప్పుకోలేదు.

ఇక్కడ మావాడు విసుక్కున్నాడు. "ఆ పట్టుదల ఏమిటి తాతయ్యా? కారు వెళ్ళింది కదా! చక్రాలు తిరిగాయి కదా!"

వాడి గోడ మీదే ఉన్న స్వీడన్ కారును చూపించాను. కోనిగ్‌సెగ్ అని, ఒక పాత వైమానిక స్థావరంలో కార్లు చేసుకునే చిన్న సంస్థ. పూర్వం అక్కడున్న దళం గుర్తు దయ్యం బొమ్మ. వారి మీద గౌరవంతో వీళ్ళూ కార్ల మీద దయ్యం బొమ్మ వేసుకుంటారు. 2017 నవంబరు 4 న నెవాడాలో ఒక ఎడారి రోడ్డు మూయించి పరుగెత్తించారు. ఒక దిక్కున 436.44. తిరుగుదారిలో 457.94. అదే కారు, అదే డ్రైవరు, అదే రోడ్డు, అదే రోజు. తేడా ఇరవై ఒకటిన్నర కిలోమీటర్లు! గాలి వాటం, నేల వాలు, అంతే. వాళ్ళు పెద్ద అంకె పట్టుకుని ఊరేగలేదు. రెండూ కలిపి సగం చేసి 447.19 అని రాసుకున్నారు. అది నిజమైన రికార్డు.

మావాడు ఏమీ అనలేదు. పోస్టరు చుట్టి మంచం కింద పెట్టాడు.

తరువాతి రెండు ఘట్టాలు చెప్పకపోతే కథ నడవదు. 2019 ఆగస్టు 2 న అదే ఏరా-లెస్సీన్‌లో, అదే ఆండీ వాలెస్, బుగాట్టి షిరాన్ కారులో 490.484 చేశాడు. ఇరవై ఒక్క ఏళ్ళ తరువాత అదే మనిషి అదే రోడ్డు మీద నూరు కిలోమీటర్లు పైన! ఆ కారు తోకను పాతిక సెంటీమీటర్లు పొడిగించారు, వెనకాల గాలి సుడులు చిన్నవి కావాలని. ప్రయాణీకుల విమానాలు 250, 280 దగ్గర నేల వదులుతాయి. దానికి రెండింతలకు కొంచెం తక్కువ వేగంలో కారును నేలకు అంటిపెట్టుకునేలా ఉంచాలి. ఎక్కువ అదిమితే గాలి అడ్డు పెరిగి వేగం పడిపోతుంది, తక్కువ అదిమితే లేచిపోతుంది. దోసె పలచగా రావాలి, చిరగకూడదు. అదీ చిక్కు.

కాని నన్నడిగితే ఇంజను వాళ్ళకన్నా, ఒంటి ఆకారం వాళ్ళకన్నా గొప్పవాళ్ళు టైర్లవాళ్ళు. ఆ వేగంలో టైరు అంచున ఉన్న ప్రతి పదార్థం సుమారు 5300 రెట్ల బరువు తూగుతుంది. చెరువుగట్టున ఒడిసెల తిప్పితే రాయి చేతిని లాగుతుందే, అదే లాగుడు. ఒక కాసు బంగారం టైరుకు అంటించారనుకోండి, నలభై రెండు కిలోలై బయటకు లాగుతుంది. అందుకే బుగాట్టి టైర్లను ఒక్కొక్కటీ ఎక్స్‌రే తీసి, లోపలి ఉక్కు తీగలు ఒకదానినొకటి తాకకుండా ఉన్నాయో లేదో చూసి మరీ బిగించారు. డ్రైవరు ప్రాణం ఆ తీగల మీద ఉంది.

అయితే అదీ ఒక్క దిక్కు పరుగే. బుగాట్టి వారు సగటు రికార్డు అనలేదు. 490 చేశాం, ఇక ఈ పోటీ మాకు చాలని తప్పుకున్నారు.

రెండో ఘట్టం విచారకరమైనది. 2020 అక్టోబరు 10 న, డెబ్భై ఒక్క ఏళ్ళ పెద్దాయన చేత నడిపించిన ఆ చిన్న అమెరికా సంస్థే, టువటారా అనే కొత్త కారును కోనిగ్‌సెగ్ పరుగెత్తిన నెవాడా రోడ్డు మీదకే తెచ్చింది. రెండు దిక్కుల సగటు 508.73 అని ప్రకటించారు. ఒక దిక్కున 532 దాటిందన్నారు. లోకమంతా చప్పట్లు కొట్టింది. మావాడు కూడా ఆ రోజు వంటింట్లోకి వచ్చి గంతులేశాడు.

తరువాత ఏమైందంటే, కారు లోపలినించి తీసిన వీడియోను ఎక్కడెక్కడి కార్ల పిచ్చివాళ్ళో ముందేసుకు కూర్చున్నారు. రోడ్డు పక్కన కనబడే గుర్తులు పట్టుకుని, వాటి మధ్య దూరం మేప్‌లో కొలిచి, ఎన్ని సెకన్లు పట్టిందో చూసి భాగించారు. ఏడో తరగతి లెక్క: దూరం బై కాలం. తెర మీద కనబడే వేగానికీ ఆ లెక్కకూ పొంతన లేదు. 2017 నాటి కోనిగ్‌సెగ్ వీడియోతో పక్కపక్కన పెట్టి చూశారు, అదీ కుదరలేదు. నెల తిరగకుండానే సంస్థ అధిపతి జెరాడ్ షెల్బీ మళ్ళీ పరుగెత్తి చూపిస్తామన్నారు. 2021 జనవరి 17 న కెన్నెడీ సెంటర్ రన్‌వే మీద, అందరి కొలతల ముందూ, కారు యజమానే నడిపితే, సగటు 455.3 వచ్చింది. ఆ జులైలో, మొదట చెప్పిన వేగం అందుకోలేదని సంస్థ ఒప్పుకుంది.

చూడండి, 455.3 అంటే అప్పటిదాకా ఉన్న కోనిగ్‌సెగ్ సగటుకన్నా ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువే! మొదటే అది చెప్పి ఉంటే ఊరంతా నెత్తిన పెట్టుకునేది. 508 అన్నాక 455 ఎవరికి కావాలి? 2022 లో అదే కారు ఒక పరుగులో 474 దాటింది. అదీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

"మరి వాళ్ళు కావాలని చేశారా?" అన్నాడు మావాడు.

నేను జవాబు చెప్పలేదు. ఇంకొకళ్ళ మనసులో ఏముందో నాకేం తెలుసు? నా సంగతి చెప్పాను. ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పనిది.

1972. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఈ ఊళ్ళోనే ఒక ప్రయోగశాలలో గాలిసొరంగం దగ్గర కింది స్థాయి ఉద్యోగం. రెక్క నమూనా మీద సన్నటి రంధ్రాలుండేవి. ఒక్కొక్క రంధ్రానికీ ఒక రబ్బరు గొట్టం, దాని చివర గాజునాళం, అందులో రంగునీళ్ళు. గాలి వదిలాక ఏ నాళంలో నీళ్ళు ఎంత ఎత్తుకు లేచాయో చూసి పుస్తకంలో రాయాలి. మొత్తం ముప్ఫై ఆరు నాళాలు. ఆ శుక్రవారం సాయంత్రం నేను హిందూపురం పాసెంజరు అందుకోవాలి. మర్నాడు పొద్దున అక్కడ పెళ్ళిచూపులు. ముప్ఫై నాళాలు చూసేటప్పటికి గడియారం తరుముకొచ్చింది. మిగిలిన ఆరూ ఎలా ఉంటాయో నాకు తెలుసు కదా, ముందూ వెనకా చూసి అందంగా కలిపి రాసేశాను. పరుగెత్తి బండి ఎక్కాను.

సోమవారం మా పై అధికారి పిలిచారు. మితభాషి, గొంతు పెంచి ఎరగని తమిళుడు. నా అంకెలతో ఆయన గీత గీసి ఉంచారు. చివరి ఆరు చుక్కలూ ముగ్గు పెట్టినట్టు కుదిరాయి. ఆయన దాన్ని చూపించి, "గాలి ఎప్పుడూ ఇంత మర్యాదగా నడుచుకోదే!" అన్నారు. అంతే. తిట్టలేదు. వచ్చే ఆదివారం నువ్వు ఒక్కడివే వచ్చి మొత్తం మళ్ళీ చూడు అన్నారు.

చూశాను. ముప్ఫై మూడో నాళంలో నీళ్ళు నేను రాసినచోట లేవు, నాలుగు వేళ్ళ ఎడంగా ఉన్నాయి. అక్కడ గాలి రెక్కను వదిలేసి విడిపోతోంది. ఆ పరీక్ష పెట్టిందే అలా విడిపోతుందా లేదా అని తెలుసుకోవడానికి. నేను పెళ్ళికూతురిని చూసే తొందరలో మాయం చేసింది సరిగ్గా దాన్నే. ఆ రెక్క కింద ఎప్పటికో ఒకప్పటికి ఒక మనిషి కూర్చుని ఎగురుతాడన్న ఆలోచన నాకు ఆ ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి వచ్చింది. అన్నం సయించలేదు.

మా ఆవిడ జపమాల ఆపి, "ఆ శుక్రవారం బండి తప్పిపోయి ఉంటే నాకు కడప సంబంధం ఖాయమయ్యేది" అంది. క్షమించినట్టా, విచారించినట్టా అన్నది తేలలేదు.

అప్పుడు మావాడికి మన ఊరి కథ ఒకటి చెప్పాను. పాత విమానాశ్రయం రోడ్డు నించి పాత మద్రాసు రోడ్డుకు పోయే దారి పేరు సురంజన్ దాస్ రోడ్డు. దాని సిగ్నలు దగ్గర ఎన్ని సాయంత్రాలు నిలబడ్డామో! ఆయన ఎవరని వాడు ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. యుద్ధకాలపు జర్మనీలో ఫొకె-వుల్ఫ్ విమానాలు రూపొందించిన కుర్ట్ టాంక్ 1956 లో బెంగళూరు వచ్చి, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో మనవాళ్ళతో కలిసి మారుత్ అనే యుద్ధవిమానం తలపెట్టాడు. ధ్వనికి రెండింతల వేగం లక్ష్యం. ముందు చెక్కతో పూర్తి కొలతల గ్లైడరు చేసి 1959 లో ఎగరేశారు. 1961 జూన్ 17 న అసలు విమానాన్ని సురంజన్ దాస్ గాలిలోకి లేపాడు. ఒంటి ఆకారం చక్కగా కుదిరింది. ఇంజను కుదరలేదు. అనుకున్న శక్తివంతమైన బ్రిటిషు ఇంజను తయారీకే రాలేదు. దానికి పెట్టుబడి పెట్టడానికి మనం ముందుకు పోలేదు. తక్కువ శక్తి ఆర్ఫియస్ ఇంజన్లు రెండు బిగించి సరిపెట్టుకున్నారు. రెండింతలు అనుకున్న విమానం ధ్వనివేగం చుట్టుపక్కలే ఆగిపోయింది. గాలితో బేరాలు లేవు. శక్తి లేకపోతే దారి ఇవ్వదు.

ఆ ఇంజనుకే మంట జోడించి బలం పెంచే ప్రయత్నాలు చేశారు. అలాంటి విమానమే పరీక్షిస్తూ, 1970 జనవరి 10 న, నేల విడుస్తుండగా కూలి సురంజన్ దాస్ మరణించాడు. మారుత్‌లు ఆ తరువాత 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారి మీద పనిచేశాయి. మొత్తం 147 తయారయ్యాయి. ఒకటి హెచ్.ఏ.ఎల్. మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. పొడుగాటి ముక్కుతో ఇప్పటికీ పరుగుకు సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. నేను చేరేనాటికి దాస్ పోయి రెండేళ్ళు. మా పై అధికారి ఆయన పేరు ఎత్తినట్టు గుర్తులేదు. ముప్ఫై మూడో నాళం గురించి మాత్రం మరిచిపోనివ్వలేదు.

తరువాతి ఆదివారం తెల్లవారుజామున మావాళ్ళ కారుతోపాటు నేనూ వెళ్ళాను. మడతకుర్చీ, ఫ్లాస్కులో కాఫీ, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర. ఇళ్ళు ఇంకా కట్టని లేఅవుటులో తిన్నటి రోడ్డు. కాపలావాడిని అడిగి రెండు కొసలా తాళ్ళు కట్టారు. అటు 110, ఇటు 101. మళ్ళీ ఒకసారి: 109, 102. రెండుసార్లూ సగటు నూట అయిదున్నరే.

అక్కడే పిల్లల మధ్య గొడవ మొదలైంది. జట్టుకు పెద్ద ఒక కన్నడ కుర్రాడు, చురుకైనవాడు. "ఇంకో కాలేజీ వాళ్ళు 118 అని వేసుకున్నారు. మనం 105 అని వేసుకుంటే ఆ డబ్బు వాళ్ళకే పోతుంది. వాళ్ళు మాత్రం రెండు దిక్కులా కొలిచారా ఏమిటి?" అన్నాడు. అందులో అన్యాయమేమీ లేదు. ఆ డబ్బు రాకపోతే వాళ్ళ కారుకు కొత్త టైర్లు లేవు. ఉన్న టైర్లు నేను చూశాను, అంచులు బాగా అరిగాయి. నేను కలగజేసుకోలేదు, కుర్చీ కాస్త నీడకు జరుపుకున్నాను.

అరగంట వాదించుకున్నారు. మావాడు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి నేల మీద పుల్లతో గీసి ఏదో తేల్చుకున్నారు. కొత్త పోస్టరులో మొదట 110, దాని పక్కన 101, కింద సగటు 105.5, గాలి ఏ దిక్కునించి వీచిందో ఒక బాణం గుర్తు. ఎర్ర అక్షరాలు లేవు.

ఈలోగా చైనాలో యాంగ్‌వాంగ్ అనే బ్యాటరీ కారు బుగాట్టిని కూడా మించిపోయింది. 2025 సెప్టెంబరులో జర్మనీలోని పాపెన్‌బుర్గ్ అండాకారపు ట్రాకు మీద 496.22. ఈ వార్త మావాడే తెచ్చి చెప్పాడు. చెప్పిన వెంటనే, నేను అడగకముందే, "రెండు దిక్కుల సగటు కాదులే" అని తనే అన్నాడు.

పోస్టరు ఆ వ్యాపారస్థుడికి ఇచ్చి పన్నెండు రోజులైంది. ఇంకా జవాబు లేదు.